నిద్రలో కాపలా కాసే చెవి

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, దర్గాకొండ పరిసరాలలో నివసించే కుటుంబాల ఇళ్ళకు పైఊరి బంధువులు వస్తే మొదటి రాత్రి వారికి సరిగా నిద్ర పట్టదు. అర్ధరాత్రి దాటాక ఓడరేవు కాలువలోకి వచ్చే ఓడ ఒకటి కూత వేస్తుంది. చుట్టాలు ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఇంటివారు మాత్రం కదలరు. పొద్దున అడిగితే, “ఓడ కూసిందా? మాకేమీ వినిపించలేదే!” అంటారు. కాని అదే గదిలో ఉయ్యాలలోని పసిబిడ్డ కొద్దిగా మూలిగితే చాలు, ఓడ కూతకు కదలని తల్లి చప్పున లేస్తుంది. ఆ కూత ఎంత పెద్దది, ఈ మూలుగు ఎంత చిన్నది! నిద్రలో ఉన్న ఆ తల్లి తరఫున ‘ఇది వినవలసినది, అది విననక్కరలేనిది’ అని తీర్పు చెప్పినది ఎవరు?

మనం ఆలోచన, వివేచన అని పిలుచుకునే పనులు అధికంగా మెదడు పైపొరలో జరుగుతాయి. శాస్త్రజ్ఞులు కార్టెక్స్ అని పిలిచే ఈ పొర మందం 2 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. దాని క్రింద ఉన్న అంతస్తుల గురించి మనం తక్కువగా వింటాం. నిజానికి కన్ను, చెవి, చర్మం తెచ్చే ప్రతి వార్తా ముందుగా ఆ క్రింది అంతస్తులలోనే విచారణకు వస్తుంది. పైపొరకు చేరేది విచారణ ముగిసిన వార్తే.

శబ్దం ప్రయాణాన్నే చూద్దాం. చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగంలో అది విద్యుత్ సంకేతంగా మారుతుంది. అక్కడినుండి వెన్నుపాముకు పైన ఉన్న మెదడు కాండానికి చేరుతుంది. శబ్దం ఏ దిక్కునుండి వచ్చిందో లెక్కకట్టే పని అక్కడే మొదలవుతుంది. కుడిప్రక్కన పలికిన మాట కుడిచెవికి ముందు, ఎడమచెవికి తరువాత చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యవ వంతుకైనా మించదు. అంత స్వల్పమైన వ్యవధిని కొలిచి దిక్కు చెప్పే పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. తటాలున పెద్ద చప్పుడైతే భుజాలు ఎగిరిపడే ఉలికిపాటు కూడా ఈ స్థాయిలోనిదే. అది పైపొర అనుమతి కోసం ఆగదు.

అక్కడినుండి వార్త మధ్యమెదడుకు ఎక్కుతుంది. మధ్యమెదడు వెనుకభాగాన నాలుగు చిన్న గుట్టలు ఉంటాయి. వాటి లాటిన్ పేరుకు అర్థం కూడా ‘చిన్నకొండ’ అనే. కొండల నడుమ కాపురముండే విశాఖవాసులకు ఈ పేరు నచ్చవచ్చు. పై జంట చూపుకు, క్రింది జంట వినికిడికి సంబంధించినవి. ప్రక్కన ఏదో కదిలినప్పుడు అదేమిటో తెలియకముందే కళ్ళు, మెడ అటు తిరగడంలో పై జంటది ముఖ్యపాత్ర.

తరువాతి మజిలీ థాలమస్. మెదడు నడిబొడ్డున, కుడి ఎడమలకు ఒక్కొక్కటిగా ఉండే రెండు చిన్న గుడ్ల వంటి భాగాలు ఇవి. గ్రీకు భాషలో ఈ పేరుకు లోపలి గది, పడకగది అని అర్థం. మన విషయానికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు. చూపు, వినికిడి, రుచి, స్పర్శ, నొప్పి, వేడి, చలి - ఇవన్నీ ఈ గది గుమ్మం దాటే పైపొరకు వెళతాయి. మెలకువలో తలుపు తెరిచి ఉంటుంది. నిద్ర పట్టగానే థాలమస్ కణాల నడక మారిపోతుంది. వార్తను ఉన్నదున్నట్టు అందించడం మాని అవి గుంపులు గుంపులుగా, లయబద్ధంగా స్పందించడం మొదలుపెడతాయి. థాలమస్ చుట్టూ తొడుగులా ఉన్న మరొక పొర వాటిని అదుపు చేస్తుంది. తల మీద తీగలు అతికించి నిద్రను నమోదు చేసే పరీక్షలో ఈ లయ కదురు ఆకారపు గీతలుగా కనిపిస్తుంది. 2010లో హార్వర్డ్ పరిశోధకులు ప్రకటించిన ఒక అధ్యయనంలో, ఈ గీతలు ఎక్కువగా కనిపించే వ్యక్తులు శబ్దాల నడుమ కూడా చెదరకుండా నిద్రించారు. ఒకే ఇంట్లో ఒకరు కాకి అరిచినా లేవడం, మరొకరు మంచం ఎత్తుకుపోయినా లేవకపోవడం కేవలం సోమరితనం కాదన్నమాట.

అయితే ఈ తలుపు పూర్తిగా మూసుకోదు, ఓరగా ఉంటుంది. మెదడు కాండంలో వలలా అల్లుకున్న నాడీకణాల సమూహం ఒకటి ఉంది. 1949లో మొరుజ్జి, మాగూన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, మత్తులో ఉన్న పిల్లుల మెదడులో ఆ వలను స్వల్ప విద్యుత్తుతో తాకి చూశారు. నిద్ర అలలు పోయి మెలకువ అలలు వచ్చాయి. బిగ్గరగా వచ్చిన శబ్దం ఈ వలను కదిపితే అది థాలమస్ తలుపు తడుతుంది. బిగ్గరతనమే ప్రమాణం కూడా కాదు. నిద్రిస్తున్నవారికి ఎన్నో పేర్లు వినిపిస్తే, ఇతరుల పేర్లకన్నా తమ పేరుకు వారి శరీరం ఎక్కువగా స్పందిస్తుందని 1960లోనే పరిశోధకులు గమనించారు. ఇందులో పైపొర సహకారం కూడా ఉంటుంది. క్రింది అంతస్తు ఒక్కటే చేసే పని కాదు. తల్లికి బిడ్డ మూలుగు వినిపించి ఓడ కూత వినిపించకపోవడం ఈ కోవలోనిదే.

ఈ ఏర్పాటు మొత్తానికీ ఒక మినహాయింపు ఉంది. అది వాసన.

వాసనను పట్టే కణాలు ముక్కు పైకప్పులో ఉంటాయి. వాటి వార్త ఘ్రాణ లంబికల గుండా, థాలమస్ గుమ్మం తొక్కకుండానే, వాసనకు చెందిన పైపొరకూ, భయానికీ ఉద్వేగానికీ నెలవైన అమిగ్డలాకూ చేరుతుంది. అమిగ్డలా అంటే బాదంగింజ అని అర్థం, ఆకారమూ అదే. పండుగనాడు ఎవరో ప్రక్కనుండి నడిచి వెళ్ళగానే అత్తరు వాసనకు, ఎప్పుడో పోయిన తాతగారి షేర్వానీ, ఈద్‌గాహ్ దారి, వారి చిటికెనవ్రేలు ఒక్కసారిగా కళ్ళముందుకు రావడానికి ఈ దగ్గరిదారే కారణమంటారు. మెలకువలో ఇది వరం. నిద్రలో అదే లోటు అవుతుంది. అన్ని ఇంద్రియాలూ పోయే గుమ్మం వాసనకు లేదు గనుక, ఆ గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాడు వాసన విషయంలో మనలను లేపలేడని పరిశోధకులు ఊహించారు.

అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్స్‌కాడన్, హెర్జ్ అనే ఇద్దరు మహిళా శాస్త్రజ్ఞులు 2004లో ప్రచురించిన ప్రయోగం ఇది. నిద్రిస్తున్న కొద్దిమంది యువతీయువకుల ముక్కు దగ్గరకు పుదీనా జాతి సువాసననూ, పిరిడిన్ అనే ఘాటైన దుర్వాసననూ పంపారు. నిద్ర పట్టీపట్టని తొలిదశలో వారు మేల్కొన్నారు. నిద్ర కుదురుకున్నాక ఆ దుర్వాసన కూడా వారిని నమ్మకంగా లేపలేకపోయింది. అదే నిద్రలో శబ్దం లేపింది. ప్రయోగంలో పాల్గొన్నవారు తక్కువమంది. అయినా నిద్రించేవారికి వాసనను హెచ్చరికగా నమ్ముకోరాదన్న వారి ముగింపు మనవంటి నగరానికి చాలా బరువైనది.

2020 మే 7. హిజ్రీ 1441 రమజాన్ మాసపు పదమూడవ ఉపవాసం. లాక్‌డౌన్ వల్ల మసీదులలో సామూహిక నమాజులు ఆగిపోయిన రమజాన్ అది. తెల్లవారుజామున సుమారు 3 గంటలు. విశాఖలోని ముస్లింల ఇళ్ళలో సహెరీ కోసం ఒక్కొక్క దీపం వెలుగుతున్న వేళ. మిగిలిన నగరం నిద్రలో ఉంది. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరిన్ ఆవిరి బయటికి వచ్చింది. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలై, 1997లో కొరియా సంస్థ చేతికి వచ్చిన కర్మాగారం అది. లాక్‌డౌన్‌లో మూతపడి, తిరిగి తెరవడానికి సిద్ధమవుతోంది. చల్లగా ఉంచవలసిన ద్రవం ట్యాంకులో వేడెక్కి ఆవిరై పొరుగు ఇళ్ళ మీదికి దిగింది. స్టైరిన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువైనది. అది నేలను అంటుకొని ప్రాకుతుంది. నేల మీద చాప పరచుకొని పడుకున్నవారి ముక్కు ఎక్కడ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

12 మంది మరణించారు. వందలాది మందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికీ, ఇతర ఆసుపత్రులకూ తరలించారు. రోడ్ల మీద కుప్పకూలిన మనుషులను, పశువులను దేశమంతా టెలివిజన్లలో చూసింది.

స్టైరిన్‌కు తీపి కలిసిన ఘాటైన వాసన ఉంది. అతి స్వల్ప మోతాదులో ఉన్నా మెలకువలో ఉన్న ముక్కు దాన్ని పసిగడుతుంది. అందుకే మరునాడు ఎందరో అడిగారు, “అంత వాసన వస్తుంటే ముందే ఎందుకు లేవలేదు?” అని. నిద్రించేవారికి ఆ ప్రశ్న న్యాయమైనది కాదు. ఆవిరి చిక్కబడ్డాక కళ్ళూ గొంతూ మండుతాయి. మంట అనేది వాసన కాదు, అది ముఖపు నాడి మోసుకుపోయే నొప్పి. దానికి థాలమస్ గుమ్మం ఉంది, కనుక అది లేపగలదు. అయితే మంట పుట్టేంతగా ఆవిరి చేరేసరికి మనిషి ఎంతో పీల్చేసి ఉంటాడు. పైగా స్టైరిన్‌కు మెదడును మందగింపజేసే గుణం ఉంది. లేచినవాడికి తల తిరుగుతుంది, కాళ్ళు నిలబడవు. ఆ రాత్రి ఒక్కొక్కరి విషయంలో ఏది ముందు, ఏది తరువాత అన్నది ఇక్కడ తేల్చగలిగింది కాదు. కాని ముక్కు లేపలేని చోట లేపవలసినది చెవి అన్నది మాత్రం స్పష్టం. చెవికి అందవలసినది సైరన్. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదిక ఎత్తిచూపిన లోపాలలో సైరన్ మోగించకపోవడం ఒకటి. కొందరిని లేపినది ఇరుగుపొరుగు వారి అరుపులు. మరికొందరి తలుపులను సహాయానికి వచ్చినవారు పగలగొట్టవలసి వచ్చింది.

దివ్యఖుర్‌ఆన్‌లోని కహఫ్ సూరాను ప్రతి శుక్రవారం పారాయణం చేసే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. గుహలో ఆశ్రయం పొందిన యువకులను అల్లాహ్ సుదీర్ఘకాలం నిద్రలో ఉంచిన వృత్తాంతం అందులో ఉంది. ఆ నిద్రను తెలిపే పదకొండవ ఆయత్‌లో ప్రస్తావన కళ్ళది కాదు, చెవులది. వ్యాఖ్యాతలు దీనికి సహజమైన వివరణే ఇచ్చారు. నిద్రించేవాణ్ణి లేపేది సాధారణంగా శబ్దం; కనుక నిద్ర అంతకాలం నిలవాలంటే చెవి మూతపడాలి. ఆయతుల నుండి థాలమస్‌ను వెలికితీయాలన్న ఉత్సాహం నాకు లేదు. అలా తీసేవారిని చూస్తే కొంత బెరుకు కూడా. గ్రంథం వచ్చింది సన్మార్గం చూపడానికి. శరీరశాస్త్రం నేర్చుకోవడానికి ఆయన మనకు బుద్ధిని వేరుగా ఇచ్చాడు. అయినా ఈ విషయం తెలిశాక ఆ ఆయత్ దగ్గర కాసేపు ఆగకుండా ముందుకు పోలేకపోతున్నాను.

మదీనాలో విశ్వాసులను నమాజుకు ఎలా పిలవాలన్న చర్చ వచ్చినప్పుడు గంట, కొమ్ముబూర, నిప్పు వెలిగించడం వంటి సూచనలు వచ్చాయని హదీసులు చెబుతున్నాయి. చివరకు నిలిచినది మనిషి గొంతు. ఆ బాధ్యత హజ్రత్ బిలాల్ (రజి)కు దక్కింది. ఫజ్ర్ అజాన్‌లో మాత్రం, నిద్రను ప్రస్తావించే ఒక వాక్యం అదనంగా ఉంటుంది. నిద్రించేవారిని గొంతు ఎలా చేరుతుందో ఆధునికులు కొలిచి చూసిన సందర్భం ఒకటి చెబుతాను. అమెరికాలోని కొలంబస్ నగరంలో పిల్లల వైద్యులు 6 నుండి 12 ఏళ్ళ వయసున్న 24 మంది పిల్లల మీద పరిశీలన చేసి 2006లో ప్రకటించారు. గాఢనిద్రలో ఉన్న పిల్లలకు ఒకసారి మామూలు పొగ హెచ్చరిక యంత్రపు కీచుధ్వని వినిపించారు. మరొకసారి వారి తల్లి లేక తండ్రి పేరుపెట్టి పిలుస్తూ, లేచి బయటికి రమ్మని చెప్పే గొంతును వినిపించారు. కీచుధ్వనికి లేచినవారు 14 మంది. గొంతుకు లేచినవారు 23 మంది. సగటున చూస్తే గొంతుకు లేవడానికి సుమారు 20 సెకన్లు పట్టింది, యంత్రానికి సుమారు 3 నిమిషాలు. మంటలు చెలరేగిన ఇంట్లో మూడు నిమిషాలంటే ఏమిటో ఊహించుకోండి. పిల్లల నిద్ర పెద్దల నిద్రకన్నా లోతైనది. హోటలులోనో, అపార్టుమెంటులోనో యంత్రం ఉంది కదా, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే లేస్తారులే అనుకోరాదు. ఆపద వస్తే మొదట లేచినవారు ఎవరి పేరు వారిది పెట్టి పిలవాలి.

ఇక వంటగది. ఇంటికి వచ్చే గ్యాస్‌కు స్వతహాగా వాసన లేదు. కారితే తెలియడానికి ఇథైల్ మెర్కాప్టాన్ అనే దుర్గంధ పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. ఆ ఏర్పాటు మేల్కొన్న ముక్కు కోసం చేసినది. రాత్రి 11 గంటలకు రబ్బరు గొట్టం దగ్గర మొదలైన కారుడు ఇంటిల్లిపాది ముక్కుకూ తగులుతూనే ఉంటుంది, ఎవరినీ లేపకపోవచ్చు. ఈ వాయువూ గాలికన్నా బరువైనదే; నేల మట్టంలో చేరి నిలుస్తుంది. ఆ గదిలోకి మొదట అడుగుపెట్టేది ఎవరు? రమజాన్‌లో సహెరీ వండడానికి చీకటిలో లేచిన ఇల్లాలు. ఆమె చేతివ్రేలు మొదట వెళ్ళేది లైటు స్విచ్చి మీదికి. అందులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

కనుక రాత్రి పని ముగిశాక పొయ్యి మీట త్రిప్పితే సరిపోదు, సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టాలి. సహెరీకి లేచినవారు వంటగది తలుపు తీసి, స్విచ్చి ముట్టకుండా ఒక్క క్షణం వాసన చూడాలి. గుమ్మం దగ్గర వచ్చిన మొదటి పీల్పును నమ్మండి. కొద్ది నిమిషాలు అక్కడే నిలబడితే ముక్కు అలవాటుపడిపోయి, ఏమీ లేదనిపిస్తుంది. జలుబు చేసినవారు, వయసు మీరినవారు, కోవిడ్ తరువాత వాసన శక్తి తిరిగిరానివారు ఈ పని మరొకరికి అప్పగించాలి. వాసన తగిలితే ఏ స్విచ్చినీ వేయవద్దు, ఆర్పవద్దు. కిటికీలు, తలుపులు తెరిచి, రెగ్యులేటరు మూసి, అందరినీ పేరుపెట్టి లేపి, బయటికి వచ్చాక 1906 నంబరుకు ఫోన్ చేయండి.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని మనుషుల మీదే తగలబడిపోయిందని సహీహ్ బుఖారీలో ఉంది. ఆ వార్త విన్న మహాప్రవక్త (స) నిప్పును మన శత్రువుగా పేర్కొని, పడుకునే ముందు దాన్ని ఆర్పివేయమని ఆదేశించారు. ఆ కాలపు ఇంట్లో నిప్పు అంటే నూనె దీపం. మన ఇంట్లో అది ఎర్రని సిలిండరు. పడకముందు పఠించే దుఆలు పిల్లలకు నేర్పే తల్లిదండ్రులు ఈ ఆచరణను కూడా దానితోపాటే నేర్పవచ్చు. రోజుకొక బిడ్డకు రెగ్యులేటరు చూసివచ్చే వంతు వేసినా పని జరుగుతుంది.

చెవి మీద ఇంత భారం వేశాక, చెవి సరిగా లేనివారి సంగతి కూడా చెప్పాలి. ఉక్కు నగరంలో ఇది చిన్న విషయం కాదు. కర్మాగారాలలో రోజుకు 8 గంటల పనికి మన దేశపు నిబంధనలు అనుమతించే శబ్దపరిమితి 90 డెసిబెళ్ళు. ఏళ్ళ తరబడి భారీ యంత్రాల హోరులో, చెవికి రక్షణ లేకుండా పనిచేసినవారికి నత్తగుల్లలోని సున్నితమైన కణాలు నశిస్తాయి. అవి మళ్ళీ పుట్టవు. అవి లేనప్పుడు థాలమస్ గుమ్మం దగ్గరకు వచ్చే వార్తే ఉండదు. ముందుగా పోయేది కీచు శబ్దాలను వినే శక్తి. హెచ్చరిక యంత్రాలలో ఎక్కువభాగం కూసేది అటువంటి కీచుధ్వనితోనే. పదవీ విరమణ చేసిన తాతగారు పగలు మనతో బాగానే మాట్లాడుతున్నారు కదా అని, రాత్రి మోగే అలారం వారికి వినిపిస్తుందని అనుకోవద్దు. ఆయన గది తలుపుకు లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి. ఎవరు వెళ్ళి లేపాలో ఇంట్లో ముందే అనుకోండి. స్పర్శకు కూడా థాలమస్ గుమ్మం ఉంది. గాజువాక ప్రాంతపు ఇళ్ళలో, ముప్పై ఏళ్ళు మిల్లులో పనిచేసి వచ్చిన భర్తను సహెరీకి లేపడానికి గుమ్మంలోనుండి పిలిచి ప్రయోజనం లేదని భార్యలకు ఎప్పుడో తెలుసు. వారు లోపలికి వెళ్ళి, దీపం వేయకుండానే, పాదం పట్టుకొని మెల్లగా కదుపుతారు.